బాత్రూమ్‌ను ఎంత మార్చాలి? ఎంతవరకు చాలు?

హనుమకొండలోనో, కాజీపేటలోనో ముప్పై, నలబై ఏళ్ల కిందట కట్టుకున్న ఇల్లు. పిల్లలు హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో స్థిరపడ్డారు. ఇంట్లో ఉండేది అమ్మానాన్నలిద్దరే. దసరాకు వచ్చిన కొడుకు.. నాన్న బాత్రూమ్‌లో గోడ పట్టుకొని లేవటం చూసి ‘మొత్తం కొట్టించి కొత్తగా కట్టిద్దాం’ అంటాడు. ‘ఇన్నేళ్లుగా వాడుతున్నదే కదా, ఇప్పుడు దీనికేమైంది?’ అంటుంది అమ్మ. చాలా ఇళ్లలో మాట ఇక్కడే ఆగిపోతుంది. ఎవరో ఒకరు జారిపడ్డాకే మళ్లీ గుర్తుకొస్తుంది. నిజానికి ఏమీ చేయకపోవటానికీ, అంతా పగలగొట్టటానికీ మధ్య చాలా దారులున్నాయి. ఎక్కడ ఆగాలన్నది ఆ గదిని వాడే మనిషి ఆరోగ్యాన్ని, నడకను బట్టి నిర్ణయించుకోవాలి. టైల్స్ ఎంపిక ఆ తర్వాతే.

ఎందుకింత జాగ్రత్త?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 6.84 లక్షల మంది కిందపడటం వల్ల చనిపోతున్నారు. ప్రమాదవశాత్తు జరిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. మరణాలు ఎక్కువగా ఉండేది 60 ఏళ్లు దాటినవారిలోనే. ప్రాణం దక్కినా తుంటి ఎముక విరిగితే జీవితం ఒక్కసారిగా మారిపోతుంది. ఆపరేషన్, మంచం పట్టటం, కండ బలం తగ్గటం, న్యుమోనియా, పడక పుండ్లు, కాళ్లలో రక్తం గడ్డకట్టటం.. ఇలా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. నెలసరి నిలిచిన తర్వాత ఎముకలు గుల్లబారటం వల్ల మహిళలకు ఈ ముప్పు మరీ ఎక్కువ.

ఇంట్లో నేల తడిగా ఉండేది, సబ్బు నురగ పడేది, వంగి లేవాల్సి వచ్చేది, తలుపు గడియ పెట్టుకొని ఒంటరిగా ఉండేది బాత్రూమ్‌లోనే. తలంటు రోజున నూనె, సున్నిపిండి కూడా తోడవుతాయి. శరీరంలో జరిగే మార్పులూ దీనికి కలిసొస్తాయి. వేడినీళ్ల స్నానంతో చర్మంలోని రక్తనాళాలు విప్పారి రక్తపోటు తగ్గుతుంది. రాత్రిపూట నిద్రలోంచి లేచి నిలబడి మూత్రం పోసేటప్పుడు కొందరికి కళ్లు తిరిగి స్పృహ తప్పొచ్చు. మలబద్ధకంతో గట్టిగా ముక్కినప్పుడూ ఇలా జరగొచ్చు. కాబట్టి పడిపోవటమంటే ఎప్పుడూ జారటమే అనుకోకూడదు. నేల మార్చినంత మాత్రాన తగ్గని కారణాలూ ఉంటాయి.

ముందు మనిషిని చూడాలి

ఇంటి దగ్గరే చేసుకోదగ్గ ఒక తేలికైన పరీక్ష ఉంది. మామూలు కుర్చీలో కూర్చోబెట్టండి. లేచి, ఎప్పుడూ నడిచే వేగంతోనే 3 మీటర్లు, అంటే సుమారు 10 అడుగులు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి మళ్లీ కూర్చోమనండి. సెల్‌ఫోన్‌లో సమయం చూడండి. చేతికర్ర వాడేవారు దాంతోనే నడవొచ్చు. ఒకరు పక్కనే ఉండాలి. దీనికి 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడుతుంటే పడిపోయే ముప్పు ఉన్నట్టే భావించాలి.

ఏడాదిలో ఒక్కసారైనా పడ్డారా? పడబోయి నిలదొక్కుకున్నారా? అన్నదీ అడగాలి. చాలామంది పెద్దవాళ్లు ఈ సంగతి పిల్లలకు చెప్పరు. చెబితే ఒంటరిగా ఉండనివ్వరని భయం.

మందుల చీటీ కూడా ముందు పెట్టుకోవాలి. రక్తపోటు మాత్రలు, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మాత్రలు, ప్రోస్టేట్ వాపునకు వాడే కొన్ని మందులు, నిద్రమాత్రలు లేచి నిలబడ్డప్పుడు తూలేలా చేయొచ్చు. పడుకున్నప్పటితో పోలిస్తే లేచి నిలబడిన 3 నిమిషాల్లోపు పై రక్తపోటు 20 పాయింట్లు గానీ, కింది రక్తపోటు 10 పాయింట్లు గానీ పడిపోతే డాక్టర్‌కు చెప్పాలి. మందు మోతాదునో, వేసుకునే వేళనో మార్చాల్సి రావొచ్చు. మందులు సొంతంగా మానెయ్యటం మాత్రం తగదు. కంటి శుక్లాలు, తగ్గిన విటమిన్ డి వంటివీ పరీక్ష చేయించుకోవాలి.

దీనివల్ల ఖర్చు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. ఇళ్లలో ప్రమాదాలను తగ్గించే మార్పులపై జరిగిన అధ్యయనాలను కాక్రేన్ సంస్థ 2023లో సమీక్షించింది. ఇలాంటి మార్పులతో పడిపోవటాలు మొత్తమ్మీద 26% తగ్గితే, అప్పటికే ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో 38% వరకు తగ్గాయి. ముప్పు అంతగా లేనివారిలో చెప్పుకోదగ్గ ప్రయోజనం కనిపించలేదు. చురుకుగా తిరిగే 60 ఏళ్ల దంపతులకూ, ఇప్పటికే రెండుసార్లు పడిన 75 ఏళ్ల పెద్దావిడకూ ఒకే రకం మార్పులు అక్కర్లేదన్నమాట.

తర్వాత గదిని కొలవాలి

టేపు తీసుకొని ఈ నాలుగు కొలతలు రాసుకోండి.

గది: మన జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం స్నానం, మరుగుదొడ్డి కలిసి ఉంటే కనీసం 2.8 చదరపు మీటర్లు, అంటే 30 చదరపు అడుగులు ఉండాలి. వెడల్పు కనీసం 1.2 మీటర్లు. ఇది మామూలుగా నడిచేవారికి. చక్రాల కుర్చీ తిరగాలంటే ఒకటిన్నర మీటర్ల ఖాళీ, అంటే దాదాపు 5 అడుగులు కావాలి.

తలుపు: పాత ఇళ్లలో బాత్రూమ్ తలుపు రెండున్నర అడుగులే. దర్వాజా, తలుపు మందం పోగా మిగిలేది ఇంకా తక్కువ. ఇంట్లో వాకర్ గానీ, చక్రాల కుర్చీ గానీ ఉంటే దాని వెడల్పుతో పోల్చి చూడండి. కొత్తగా పెట్టించేవారు 900 మిల్లీమీటర్ల ఖాళీ వచ్చేలా చూసుకోవాలి.

గడప, మెట్లు: గడప ఎత్తు, లోపలి నేల ఎంత కిందికి ఉంది, నేలబారు దొడ్డికి అరుగు ఉందా అన్నవి చూడాలి.

కమోడ్ ఎత్తు: కూర్చున్నప్పుడు పాదాలు నేలకు పూర్తిగా ఆని, మోకాళ్లు తుంటికన్నా పైకి రాకుండా ఉండాలి. వయసు మీదపడినవారికి 17 నుంచి 19 అంగుళాల ఎత్తు అనువుగా ఉంటుంది. మామూలు కమోడ్లు చాలావరకు ఇంతకన్నా తక్కువే.

మొదటి మెట్టు: ఏమీ పగలగొట్టకుండా

ఒకట్రెండు రోజుల్లో అయిపోయే పనులివి. ఖర్చు వందల నుంచి కొన్ని వేల రూపాయలు. ఎవరి ఇంట్లోనైనా ముందు ఇవి చేసి, నెల రోజులు చూశాకే మిగతాది ఆలోచించాలి.

• కమోడ్ పక్కన, స్నానం చేసే చోట పట్టుకోవటానికి స్టీలు కడ్డీలు బిగించాలి. పిడికిలి సరిగ్గా పట్టేలా ఒకటింపావు నుంచి రెండు అంగుళాల లావు, గోడకు ఒకటిన్నర అంగుళాల ఎడం ఉండాలి. సుమారు 113 కిలోల బరువును తట్టుకోవాలని అమెరికా ప్రమాణాలు చెబుతున్నాయి. తువ్వాళ్లు వేసుకునే కడ్డీ ఇందుకు పనికిరాదు. గాలితో అతుక్కునే రబ్బరు కప్పుల పట్టీలనూ నమ్ముకోవద్దు.

• పీట మీద కూర్చొని స్నానం చేయటం మనకు అలవాటే. అంత కింది నుంచి లేవటమే కష్టం. కాళ్లకు రబ్బరు తొడుగులున్న ఎత్తయిన స్నానపు కుర్చీ మేలు. మామూలు ప్లాస్టిక్ కుర్చీల కాళ్లు తడి టైల్స్ మీద పక్కకు జారిపోతాయి.

• బకెట్‌ను గట్టి దిమ్మె మీద ఎత్తుగా పెడితే వంగి ముంచుకోవాల్సిన పనుండదు. చేత్తో పట్టుకొనే షవర్ ఇంకా సుఖం.

• కమోడ్ ఎత్తు చాలకపోతే పైన బిగించే ఎత్తు సీటు దొరుకుతుంది. నేలబారు దొడ్డి ఉన్న ఇంట్లో దానిపై అమర్చే స్టీలు కమోడ్ కుర్చీ వాడుకోవచ్చు. కదలకుండా కూర్చుంటుందో లేదో చూసుకోవాలి.

• లోపల రబ్బరు మ్యాట్, నేలకు అంటించే గరుకు పట్టీలు వేయొచ్చు. బయట వేసే గుడ్డ పట్టాలు తీసేయాలి. కాలు తట్టుకునేది వాటికే.

• మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా వెలుగు ఉండాలి. మనిషి కదిలితే వెలిగే చిన్న దీపాలు చవగ్గానే దొరుకుతున్నాయి.

• లోపలి గడియ తీసేసి, అవసరమైతే బయటి నుంచీ తెరవగలిగే తాళం పెట్టించాలి.

రెండో మెట్టు: కొంత మార్పు

వారం, పది రోజుల పని. కొన్ని వేల నుంచి అర లక్ష దాటొచ్చు. మొదటి మెట్టుతో తీరని ఇబ్బంది ఏదో ఒకటి స్పష్టంగా కనిపిస్తేనే దీనికి దిగాలి.

ఇందులో అన్నింటికన్నా విలువైనది తలుపును బయటకు తెరచుకునేలా మార్చటం. లోపలికి తెరచుకునే తలుపైతే, మనిషి దానికి అడ్డంగా పడిపోతే బయటివాళ్లు తీయలేరు. చోటు లేకపోతే పక్కకు జరిగే తలుపు పెట్టించుకోవచ్చు.

నేలబారు దొడ్డి స్థానంలో కమోడ్ పెట్టటం రెండోది. మోకాళ్ల అరుగుదల ఉన్నవారికి, మోకీలు మార్పిడి చేయించుకున్నవారికి ఇది తప్పనిసరి. రెండు విధాలా పనికొస్తుందని కొందరు ఆంగ్లో ఇండియన్ కమోడ్ పెట్టిస్తారు. దాని అంచు మీదికెక్కి కూర్చోవటం పెద్దవారికి ప్రమాదం. ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పాత దొడ్డిని తవ్వేటప్పుడు కింద నీరు దిగకుండా వేసిన పొర చెడిపోతుంది. మేడమీది బాత్రూమ్ అయితే కింది గది కప్పు నెమ్ము పడుతుంది. కాబట్టి అతుకు పనిలా వదిలేయకుండా ఆ పొరను తిరిగి వేయించాలి.

మూడోది నేల. పాలిష్ చేసిన గ్రానైట్, మెరిసే టైల్స్ తడిస్తే అద్దంలా జారతాయి. గట్టిగా ఉన్న నేలను తవ్వకుండా గరుకుగా మార్చే రసాయన పూత వేయించొచ్చు. కొత్త టైల్స్ వేయాల్సి వస్తే జారుడును తట్టుకునే శక్తికి ఇచ్చే ‘ఆర్’ సంఖ్య అడగండి. ఇది ఆర్9 నుంచి ఆర్13 వరకు ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. తడిసే చోటుకు కనీసం ఆర్10, ఆర్11 ఎంచుకోవటం మంచిది. మరీ గరుకైతే మురికి పట్టి, పాచి పెరుగుతుంది.

మూడో మెట్టు: మొత్తం మార్పు

కొన్ని ఇళ్లలో చిన్న మార్పులతో పని జరగదు. గోడలు, కింది కప్పు నెమ్ముతో బూజు పట్టి ఉబ్బసం పెరుగుతున్నా, నీరు జాలీ వైపు పోకుండా గది మధ్యలో నిలుస్తున్నా, పైపులు తుప్పు పట్టి లీకవుతున్నా, చక్రాల కుర్చీ వాడాల్సి వచ్చినా మొత్తం మార్చటమే మేలు. అప్పుడు తడిసే చోటును, పొడిగా ఉండే చోటును వేరు చేయొచ్చు. గడప లేకుండా నేలను సమంగా తెచ్చి, జాలీ వైపు అడుగుకు పావు అంగుళం చొప్పున వాలు ఇవ్వొచ్చు. ఇప్పుడు కడ్డీలు అక్కర్లేకపోయినా అవి వచ్చే చోట గోడను గట్టిగా కట్టించి ఉంచొచ్చు. గాలి వెలుతురుకు కిటికీ 0.37 చదరపు మీటర్లకు తగ్గకూడదని భవన నియమావళి చెబుతోంది.

దీని ఖర్చు లక్షల్లో ఉంటుంది. డబ్బొక్కటే కాదు, మూడు నాలుగు వారాలు ఆ గది ఉండదు. ఇంట్లో ఒకటే బాత్రూమ్ ఉంటే పెద్దవాళ్లు అంతకాలం పక్కింటికో, పెరట్లోకో వెళ్లాలి. అలవాటు లేని ఆ దారిలోనే పడిపోవచ్చు. టైల్స్ కోసేటప్పుడు లేచే సన్నని ధూళి ఊపిరితిత్తులకు చేటు. ఉబ్బసం, సీఓపీడీ ఉన్నవారిని పని అయ్యేదాకా బంధువుల ఇంట్లో ఉంచటం మంచిది. మతిమరుపు జబ్బున్న వారికి పూర్తిగా కొత్త గది అయోమయం కలిగిస్తుంది. కుళాయి ఎటు తిప్పాలో, ఫ్లష్ ఎక్కడుందో తెలియక కంగారు పడతారు. వాళ్లకు ఉన్నదాన్నే భద్రంగా మార్చటం మేలు.

మన వరంగల్ ఇళ్లలో..

గిర్మాజీపేట, మట్టెవాడ వంటి పాత వాడల్లో మరుగుదొడ్డి పెరట్లోనో, ఇంటి వెనకనో విడిగా ఉండే ఇళ్లు ఇంకా కనిపిస్తాయి. రాత్రివేళ రెండు మెట్లు దిగి, తడిసిన బండల మీద నడిచి వెళ్లాలి. ఇలాంటి ఇంట్లో పెరటి బాత్రూమ్‌కు ఖరీదైన టైల్స్ వేయటం కన్నా, పడకగదికి దగ్గర్లో చిన్నదైనా ఒక మరుగుదొడ్డి కట్టుకోవటమే ఎక్కువ ఉపయోగం. అంతవరకు రాత్రికి మంచం పక్కన కమోడ్ కుర్చీ పెట్టొచ్చు.

నగరంలో చాలా ఇళ్లు సెప్టిక్ ట్యాంకుల మీదే ఆధారపడి ఉన్నాయి. మల వ్యర్థాల నిర్వహణకు 2016లోనే నిబంధనలు తెచ్చిన నగరం మనది. కొత్త కమోడ్ పెట్టే ముందు ట్యాంకు ఎప్పుడు ఖాళీ చేయించారో చూసుకోండి. రెండు మూడేళ్లకోసారి యంత్రంతోనే తీయించాలి. మనిషిని ట్యాంకులోకి దించటం ప్రాణాంతకం, 2013 చట్టం ప్రకారం నేరం కూడా.

2020 ఆగస్టు, 2023 జులై వానలకు నగరంలోని లోతట్టు కాలనీలు మునిగాయి. నాలాల పక్కనున్న ఇళ్లలో గడప తీసేసే ముందు నీళ్లు ఎంతవరకు వచ్చాయో గుర్తుచేసుకోండి. అక్కడ గడపను పూర్తిగా తీసేయటం కన్నా రెండు వైపులా వాలు కట్టించటం, మురుగు వెనక్కి తన్నకుండా పైపుకు అడ్డుకవాటం పెట్టించటం నయం.

బోరు నీటి తెల్ల మరకలకు చాలా ఇళ్లలో యాసిడ్ వాడుతుంటారు. యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడర్‌ను ఎప్పుడూ కలపొద్దు. క్లోరిన్ వాయువు వెలువడి ఊపిరాడకుండా చేస్తుంది. మూసిన చిన్న గదిలో ఇది మరింత ప్రమాదం.

జబ్బును బట్టి మార్పు

పక్షవాతం: కడ్డీ బలమున్న చేతి వైపు ఉండాలి. మేస్త్రీ తనకు వీలైన గోడకు బిగించి వెళ్లిపోతే ఉపయోగం ఉండదు.

తుంటి మార్పిడి: ఆపరేషన్ తర్వాత తుంటి వద్ద 90 డిగ్రీలకు మించి వంగొద్దని చాలామందికి చెబుతారు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చే ముందే ఎత్తు సీటు సిద్ధం చేయాలి.

మధుమేహం: నాడులు దెబ్బతింటే కాళ్లకు వేడి తెలియదు. నీళ్లను ముందు మోచేత్తో చూసుకోవాలి.

పార్కిన్సన్స్: తిరిగేటప్పుడు, ఇరుకు తలుపుల దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతాయి. వెడల్పు తలుపు, తక్కువ మలుపులు అవసరం.

చూపు తగ్గినవారు: గోడ, నేల, కమోడ్ అన్నీ తెల్లగా ఉంటే ఏది ఎక్కడుందో తెలియదు. సీటుకు, కడ్డీకి వేరే రంగు ఉండాలి.

వేడినీళ్లు, కరెంటు

గీజర్‌ను 50 డిగ్రీల లోపు పెట్టుకోవటం మంచిది. 60 డిగ్రీల నీళ్లు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని కాల్చేస్తాయి. బకెట్‌లో ముందు చన్నీళ్లు, తర్వాతే వేడినీళ్లు పట్టాలి. గ్యాస్ గీజర్‌ను బాత్రూమ్ లోపల ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. స్నానం చేస్తూనే స్పృహ తప్పి ప్రాణం పోతుంది. కరెంటు లీకైతే వెంటనే సరఫరాను ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ ప్రతి ఇంట్లో ఉండాలి. వాటర్ హీటర్ కడ్డీని బకెట్‌లో పెట్టి వాడే ఇళ్లలో ముందు ఖర్చు పెట్టాల్సింది దీనికే.

మేస్త్రీతో ముందే మాట్లాడాల్సినవి

• కడ్డీ బిగించే గోడ ఎంత మందం? నాలుగున్నర అంగుళాల గోడ, బోలు ఇటుకల గోడ అయితే మామూలు స్క్రూలు ఆగవు. అవతలి వైపు ప్లేటు పెట్టి బోల్టు బిగించాలి. లేదా నేలకు దిగేసే కడ్డీ తీసుకోవాలి.

• టైల్స్ వేసే ముందు నీళ్లు నింపి కనీసం 24 గంటలు నిలబెట్టి చూస్తారా?

• కడ్డీ ఎత్తును వాడే మనిషిని కూర్చోబెట్టి గుర్తు పెడతారా? పుస్తకంలోని కొలతలు అందరికీ సరిపోవు.

• పని జరిగినన్నాళ్లూ పెద్దవాళ్లు ఎక్కడికి వెళ్తారు?

ఒకవేళ పడిపోతే..

చేయి పట్టుకొని ఒక్కసారిగా లేపొద్దు. ముందు మాట్లాడించండి. తుంటి, తొడలో తీవ్రమైన నొప్పి ఉన్నా, ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తున్నా, మెడనొప్పి ఉన్నా కదపకుండా 108కు ఫోన్ చేయండి. తలకు దెబ్బ తగిలి, రక్తం పలుచబరిచే మందులు వాడుతుంటే పైకి బాగానే ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మెదడులో రక్తస్రావం తర్వాత బయటపడొచ్చు. మూతి వంకరపోవటం, మాట తడబడటం, చేయి పడిపోవటం ఉంటే అది పక్షవాతం కావొచ్చు. ప్రతి నిమిషం విలువైనదే. తుంటి విరిగితే ఆపరేషన్ వీలైనంతవరకు 48 గంటల్లోపు జరిగితే ఫలితాలు బాగుంటాయి. పసరు కట్లతో రోజులు గడపొద్దు. ఏ దెబ్బా తగలకపోయినా ఎందుకు పడ్డారో డాక్టర్ చేత చూపించాలి.

ఎలా తేల్చుకోవాలి?

నడక పరీక్ష బాగుండి, ఎప్పుడూ పడకపోతే మొదటి మెట్టు చాలు. మోకాళ్ల నొప్పులుండి, లేవటానికి గోడ పట్టుకుంటుంటే రెండో మెట్టుకు వెళ్లాలి. చక్రాల కుర్చీ వచ్చే అవకాశమున్నా, గది పాడైపోయినా మూడోది. ఇల్లు ఎలాగూ బాగుచేయిస్తున్నవారు, కొత్తగా కడుతున్నవారు యాభై ఏళ్ల వయసులోనే తలుపు వెడల్పు, సమమైన నేల, గట్టి గోడలు చూసుకుంటే తర్వాత పగలగొట్టే పనుండదు.

ఏం చేసినా పెద్దవాళ్లను అడిగి చేయాలి. కడ్డీలు పెడతామంటే ‘నేనేమైనా ముసలోణ్నా’ అనే నాన్నలుంటారు. అది ఇంట్లో అందరికీ, వచ్చే చుట్టాలకూ పనికొస్తుందని చెబితే ఒప్పుకుంటారు. తమను అడక్కుండా పెట్టిన కుర్చీ మూలన పడి ఉంటుంది. తమ చేత్తో ఎత్తు చూపించి బిగించుకున్న కడ్డీని మాత్రం రోజూ పట్టుకుంటారు.